చేవెళ్ల అర కిలో

ఎయిర్ పిస్టల్ రిపేరు నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడుగుతారు, "మేస్త్రీ, ట్రిగ్గర్ ఎట్ల సెట్ చెయ్యాలె?" అని. పిస్టల్ చేతికి తీసుకోగానే లోపల పెల్లెట్ గుండు ఉందో లేదో ఎట్లా చూసుకోవాలో ఒక్కడూ అడగడు. దాన్ని ఎట్లా తుడవాలో అడగడు. అందరికీ నేరుగా ట్రిగ్గరే కావాలి. వాళ్లననడానికి లేదు, నేను పని చేసిన చోట పెద్దవాళ్లకు కూడా నేరుగా ట్రిగ్గరే కావాల్సి వచ్చేది. అందుకే స్క్రూల సంగతి ఎత్తకముందు నేను వాళ్లకు ఒక అమ్మాయి పిస్టల్ కథ చెప్తాను. విన్నాక కొందరు మళ్లీ కనిపించరు. నేను రిటైరైన మనిషిని కాబట్టి దానికి బాధపడను.

నేనేమీ తుపాకుల మధ్య పెరిగినవాణ్ణి కాను. చేవెళ్లలో కుట్టు మిషన్లు బాగుచేసేవాణ్ణి. జనం రెడీమేడ్ బట్టలకు అలవాటుపడి, దర్జీలు ఒక్కొక్కరే షట్టర్లు దించేసుకుంటుంటే నా పని కూడా సన్నబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సురంగల్ ఊరి పక్కన ఒక పెద్దమనిషి తన కోళ్ల షెడ్డును షూటింగ్ రేంజిగా మార్చాడు. కోళ్లకు రోగమొచ్చి షెడ్డు ఖాళీ అయింది. పొడుగ్గా ఉంది, గాలి తగలదు, కాల్చడానికి కావాల్సిన పది మీటర్లు కొలిచినా ఇంకా చోటు మిగులుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గోడల్లోంచి పాత వాసన ఇంకా బయటికి వచ్చేది. దాన్ని ఆయన "అంతర్జాతీయ ప్రమాణాల రేంజి" అని బోర్డు మీద రాయించాడు.

ఆయన్ని మేమందరం అన్న అనే పిలిచేవాళ్లం. భూములున్న కుటుంబం, తాతల నాటి నుంచి ఊళ్లో మాట చెల్లే ఇల్లు. రెండుసార్లు లోకల్ ఎన్నికల్లో నిలబడి, రెండుసార్లూ నైతికంగా గెలిచాడు. నన్ను పనిలోకి తీసుకున్నప్పుడు జరిగిన ఇంటర్వ్యూ మొత్తం ఇది: "నువ్వు కుట్టు మిషన్లల్ల స్ప్రింగులు ఏస్తవు గద. గీ పిస్టల్లల్ల గూడ స్ప్రింగులే ఉంటయంట. రేపటి సంది రా." నేను మర్నాడే వెళ్లాను. పని మాత్రం నిజంగానే నేర్చుకున్నాను, ఎందుకంటే నేర్పేవాడు ఎవడూ లేడు, పాడైతే తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

తిట్టేవాళ్లలో మొదటివాడు కోచ్ సార్. ఒకప్పుడు బాగా కాల్చిన మనిషే. ఎక్కడ కాల్చాడో, ఎవరి మీద గెలిచాడో చెప్పినప్పుడల్లా కొంచెం మారేది గానీ కాల్చాడన్నది మాత్రం నిజం. పిల్లలకు నిలబడటం, ఊపిరి బిగబట్టడం బాగా నేర్పేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, పిస్టల్ కనబడితే చేతులు దురదపెట్టేవి. ఎవరి పిస్టల్ అయినా సరే, అందుకుని ఒక స్క్రూ కొంచెం తిప్పి, "ఇప్పుడు చూడు" అనేవాడు.

ఇక ఆ అమ్మాయి. పదో తరగతి. వాళ్ల కుటుంబం కోస్తా నుంచి వచ్చి చాలా ఏళ్లయింది, చేవెళ్ల రోడ్డు మీది హిమాయత్‌నగర్ ఊరు దాటాక వెలిసిన విల్లాల్లో ఉండేవాళ్లు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎంత మర్యాదస్తుడంటే నన్ను కూడా "మేస్త్రీగారూ" అనేవాడు. గారూ అంటూనే నా పని ఆయనే చేసేసేవాడు. అమ్మాయి తక్కువ మాట్లాడేది. షేర్ ఆటోలు, లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నా, షెడ్డు పక్కన కుక్కలు కొట్లాడుకుంటున్నా చెయ్యి ఎత్తిందంటే వణికేది కాదు. అట్లాంటి చెయ్యి నేను ఆ షెడ్డులో ఇంకొకటి చూడలేదు.

అయితే తండ్రి ఒక రోజు మా అందరి ముందే ఒక గీత గీశాడు. "రాష్ట్ర పోటీలో నేషనల్స్‌కి వెళ్లే స్కోరు వస్తే సరే. రాకపోతే పిస్టల్ అమ్మేసి, అమ్మాయిని రెసిడెన్షియల్ కాలేజీలో వేసేస్తామండీ. ఇంటర్ అంటే ఆటలు కాదు కదా." కాలేజీ గోడల మధ్య నుంచి అమ్మాయి ఆదివారం కూడా బయటికి రాదని మాకందరికీ తెలుసు. అన్న, కోచ్ సార్, నేను బుద్ధిగా తలూపాం. అమ్మాయి తలూపలేదు, పెల్లెట్ల డబ్బా తీసుకుని లైను దగ్గరికి పోయింది.

ఇప్పుడు ట్రిగ్గర్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మీకు తర్వాతి కథ అర్థం కాదు. మంచి ట్రిగ్గర్ మీద వేలు పెడితే మొదట కొంత దూరం మెత్తగా వస్తుంది. తర్వాత ఒక గోడ తగిలినట్టు ఆగుతుంది. అక్కడ ఇంకొంచెం ఒత్తితే ఠక్కున తెగాలి, అంటే గుండు పేలాలి. ఆగడానికీ తెగడానికీ మధ్య ఇంకేమీ ఉండకూడదు. దీని కోసం లోపల ఒక చిన్న కొక్కెం, రెండు స్ప్రింగులు, వాటిని బిగించే స్క్రూలు ఉంటాయి. దీనికితోడు ఒక నియమం ఉంది: ట్రిగ్గర్ అర కిలో బరువును మోయాలి. పోటీ ముందు అధికారులు పిస్టల్‌ను నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు అర కిలో రాయి తగిలించి పైకి లేపుతారు. రాయి లేస్తే పాస్. లేవకముందే ట్రిగ్గర్ తెగితే ఫెయిల్, అంటే ఇంత తేలిక ట్రిగ్గర్‌తో ఆడనివ్వం అని అర్థం.

ఆ ఏడాది దసరా అయిన తర్వాత అమ్మాయి స్కోరు పడిపోవడం మొదలైంది. "అంకుల్, ఇది ఇసకలో లాగుతున్నట్టుంది. ఆగుతోంది, కాస్త పాకుతోంది, మళ్లీ ఆగుతోంది" అని నాతో చెప్పింది. రోగం ఏమిటో ఇంతకంటే స్పష్టంగా ఏ డాక్టరూ చెప్పలేడు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

"ట్రిగ్గర్‌ది ఏం లేదు, నీ వేలు బిగుసుకుంటున్నది" అన్నాడు కోచ్ సార్. అంటూనే పిస్టల్ అందుకుని కొక్కెం స్క్రూ కొంచెం తిప్పాడు. "ఇప్పుడు చూడు."

మర్నాడు తండ్రి ఇంట్లో స్ప్రింగ్ స్క్రూ వదులు చేసుకొచ్చాడు. ఆయన ఇంటర్నెట్‌లో ఒక వీడియో చూశాడు. ఏ దేశం వాళ్లదో, ఏ భాషో ఆయనకూ తెలియదు. "భాష అక్కర్లేదు మేస్త్రీగారూ, చేతులు కనిపిస్తున్నాయి కదా" అన్నాడు. నేను ఆ స్ప్రింగును మళ్లీ బిగించాను. సాయంత్రం కోచ్ సార్ అది బిగుతుగా ఉందని వదులు చేశాడు. మధ్యలో అన్న తన పార్టీ మనుషులను తీసుకొచ్చి, "గిది ఫారిన్ మాల్, గిట్ల తిప్పితె గిట్లయితది" అని చూపించడానికి ఏదో ఒకటి తిప్పాడు. ఏది తిప్పాడని అడిగితే, "జర చూసిన, అంతే" అన్నాడు. మా నలుగురిలో ప్రతివాడికీ తాను చివరగా తిప్పిన రోజు నిద్ర బాగా పట్టేది.

అమ్మాయిని మాత్రం ఎవరూ ముట్టుకోనివ్వలేదు. చిన్నపిల్ల, చెడగొడుతుందని.

ఇందులో నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం ఇంకొకటుంది. పది పడాల్సిన చోట తొమ్మిది పడితే తప్పు ట్రిగ్గర్‌ది, ఏడు పడితే ట్రిగ్గర్‌ది, టార్గెట్ కార్డు అంచుకు తగిలితే ట్రిగ్గర్‌ది. మేమే నేర్పాం ఆ మాట. కొన్నాళ్లకు అమ్మాయి కూడా పిస్టల్ కింద పెట్టి, కార్డు వైపు చూడకుండానే "ట్రిగ్గర్" అనడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నప్పుడు దాని ముఖంలో ఏమీ ఉండేది కాదు, కోపం కూడా ఉండేది కాదు. నాకు అది చూస్తే భయమేసేది.

చివరికి ఒక పొద్దున పిస్టల్‌ను అందరి చేతుల్లోంచి గుంజుకుని నా బల్ల మీద పెట్టాను. పెల్లెట్ లేదని చూసుకున్నాను, గాలి సిలిండర్ ఊడదీశాను, పిడి విప్పాను. కోచ్ సార్ ఒక పక్క, తండ్రి ఒక పక్క నా భుజాల మీద ఊపిరి వదులుతూ నిలబడ్డారు. కొక్కెం మీద ముదురు పసుపు రంగులో ఏదో గట్టిగా అంటుకుని ఉంది.

"గ్రీజా?" అన్నాడు కోచ్ సార్.

"గ్రీజు పసుపురంగులో ఉంటుందాండీ?" అన్నాడు తండ్రి.

నేను గోటితో గీకి వాసన చూశాను. మొదట పసుపు, వెనకాలే పులిసిన కొబ్బరినీళ్లు. అక్కడ ముగ్గురికీ ఒకేసారి దసరా గుర్తొచ్చింది. ఆ రోజు అన్న రేంజిలో ఆయుధ పూజ పెట్టించాడు. ఎర్రబట్ట పరిచి పిస్టళ్లన్నీ వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు చేత్తో చల్లారు. కోచ్ సార్ పిస్టల్ పెట్టెలోనే ఉండిపోయింది కాబట్టి దానికి పుణ్యం దక్కలేదు. అమ్మాయిది ఫారిన్‌ది, ఫొటోలో బాగుంటుందని నట్టనడుమ పెట్టారు. పుణ్యమంతా దానికే దక్కింది.

అన్నను పిలిచి చూపించాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. "దేవుని పసుపుతోని మిషన్ ఖరాబైతదా? మా ట్రాక్టర్‌కు ఏటా పెడ్తున్న. నడుస్తలేదా అది?"

"ట్రాక్టర్‌కు బానెట్ మీద పెడ్తవన్నా. ఇంజన్ల పొయ్యవు గద" అన్నాను.

ఆయన పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి దీనికి బానెట్ ఏడున్నది?" అన్నాడు. నిజాయితీగానే అడిగాడు.

స్పిరిట్‌తో కడిగాను. ఆరబెట్టి, పొడిబట్టతో తుడిచి, ఒక్క చుక్క నూనె వేశాను. స్క్రూలన్నీ మొదటికి తెచ్చి, కంపెనీ చెప్పిన వరసలో ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చాను. ఇక మిగిలింది బరువు చూడటం. మా దగ్గర అసలు పరీక్ష రాయి ఒకటి ఉండేది, కోచ్ సార్ స్నేహితుడు ఒకడు దాన్ని అడిగి తీసుకుని పోయాడు, మళ్లీ ఇవ్వలేదు. అన్న వెంటనే చేవెళ్ల మార్కెట్‌కు మనిషిని పంపి తన బామ్మర్ది దుకాణంలోంచి అర కిలో తూకం రాయి తెప్పించాడు. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చాక మూలకు పడిన ఇనుప రాయి. ట్రిగ్గర్‌కు తగిలించడానికి దానికి ఇనుప తీగ చుట్టాను.

తండ్రి ఆ రాయిని చేతిలో పట్టుకుని తూచి చూశాడు. "మా ఇంట్లో కిచెన్ స్కేలుంది. ఒకసారి దాని మీద పెట్టి చూద్దామాండీ?" అన్నాడు.

ఇది ఆ మొత్తం కథలో ఒకే ఒక్క తెలివైన మాట. అన్న ముఖం మాడిపోయింది. "ఎందుకు సార్? మా బామ్మర్ది దొంగ తూకం రాయి పంపిండంటరా?"

"అబ్బే, అది కాదండీ. నా ఉద్దేశం అది కాదు" అని తండ్రి కంగారుపడి రాయిని నా చేతిలో పెట్టేశాడు. నేను కూడా ఏమీ అనలేదు, అన్న దగ్గర జీతం తీసుకునేవాణ్ణి. కోచ్ సార్ అన్న షెడ్డులో కోచింగ్ ఇచ్చేవాడు. అంతమంది పెద్దమనుషుల మొహమాటం అక్కడ నిలబడి ఉంటే ఆ కిచెన్ స్కేలు ఎట్లా వస్తుంది? రాలేదు.

"సరిగ్గ అర కిలో అంచుకు పెట్టు మేస్త్రీ. ఒక్క గ్రామ్ గూడ ఎక్కువొద్దు. తేలిగ్గ ఉంటెనే కొట్టగల్గుతది" అన్నాడు కోచ్ సార్. అంచుకే పెట్టాను. రాయి లేచింది. ఇంకోసారి లేపాను, లేచింది. అన్న తన బామ్మర్దికి అక్కడికక్కడే ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. అమ్మాయి గుండు లేకుండా ఖాళీగా నొక్కి చూసింది, గోడ దగ్గర ఆగి ఠక్కున తెగింది. చాలా రోజుల తర్వాత అది నవ్వింది. పోటీ దాకా కొట్టిన కార్డులన్నీ బాగొచ్చాయి, మేము కూడా మళ్లీ మనుషుల్లో పడ్డాం.

పోటీ సిటీకి అవతలి పక్కన పెద్ద రేంజిలో. తండ్రి కారులో అమ్మాయి, కోచ్ సార్, నేను. వెనకాల అన్న తన బండిలో ఇద్దరు మనుషులతో. మొయినాబాద్ దాటకముందే ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు, అమ్మాయి గెలిస్తే ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎక్కడ ఉండాలో మాట్లాడటానికి. అమ్మాయి కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోవడం లేదని దాని చూపుడువేలు చెప్తూనే ఉంది, గాల్లో నెమ్మదిగా వంగి నెమ్మదిగా లేస్తోంది.

అక్కడ ఆయుధాల తనిఖీ బల్ల దగ్గర ఒక మేడమ్ కూర్చుని ఉంది. కళ్లజోడు, తక్కువ మాటలు. పిస్టల్‌ను నిలువుగా పట్టుకుంది, రాయి తగిలించింది, లేపింది. టక్‌మంది. మళ్లీ లేపింది. మళ్లీ టక్‌మంది. మూడోసారి ఇంకా నెమ్మదిగా లేపింది, పాపం, మాకు ఒక అవకాశం ఇద్దామన్నట్టు. టక్.

"బరువు సరిపోలేదు. సరిచేసుకుని తీసుకురండి. మీ వంతు దగ్గర పడుతోంది, తొందరగా" అంది.

నేనే పెట్టిన ట్రిగ్గర్ అది, నా కళ్లతో రాయి లేవడం చూశాను. కోచ్ సార్ నా వైపు చూశాడు. మాట్లాడింది మాత్రం అన్న.

"మేడమ్, మీ రాయే ఎక్కువున్నట్టున్నది. మాది పక్కా అర కిలో. మేస్త్రీ, తియ్యి మన రాయి."

అవును, నేను దాన్ని సంచిలో వేసుకుని తెచ్చాను, గర్వంగా. బల్ల మీద పెట్టాను. మేడమ్ మా రాయిని తీగతో సహా ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టి, అంకెలు మాకు కనిపించేలా తిప్పింది. అర కిలోకు చాలా కిందే ఆగిపోయాయి.

"ఇది ఎక్కడిది?"

"చేవెళ్ల మార్కెట్‌ది మేడమ్" అన్నాను. మేడమ్ నవ్వలేదు. మా వెనక వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు.

"పాతది గద మేడమ్, అరిగింది" అన్నాడు అన్న.

రాయిని తిరగేసి చూశాను. అడుగున సీసం ఉండాల్సిన గుంటలో లక్క పోసి, పైన నల్ల రంగు పూసి ఉంది. అరుగుదల ఇంత పద్ధతిగా ఉండదు. ఆ రాయి మీద తూగిన ఉల్లిగడ్డలు ఎన్నేళ్లు తిన్నామో నాకు తెలియదు, నేను కూడా ఆ దుకాణంలోనే కొనేవాణ్ణి. అన్న ఆ గుంటను చూశాడు, ఫోన్ చూసుకున్నాడు, తర్వాత చుట్టూ ఎవరెవరు చూస్తున్నారో చూసుకున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. అమ్మాయి వంతు దగ్గరపడుతుంటే మేము నలుగురం ఒక మూలకు చేరి సభ పెట్టాం.

"స్ప్రింగ్ స్క్రూ తిప్పు, కొంచెమే" అన్నాడు కోచ్ సార్.

"ముందు కొక్కెం లోతు పెంచాలండీ. ఆ వీడియోలో స్పష్టంగా ఉంది" అన్నాడు తండ్రి, ఫోన్ తీసి వెతుకుతూ.

"గా వీడియో మల్ల ఎందుకు సార్? దానితోనే కదా గింత దూరం వచ్చినం" అన్నాడు కోచ్ సార్.

"మీరు తిప్పినప్పుడు బాగైందాండీ?"

"ఆగుండ్రి" అన్నాడు అన్న. "ఈడ పెద్దసార్ మా మనిషికి ఎరుకే. ఒక్క ఫోన్ చేస్తె అయిపోతది."

"అన్నా, ఫోన్ చేస్తె ట్రిగ్గర్ బరువు పెరుగుతదా?" అన్నాను. ఎనిమిది చేతులు ఆ ఒక్క పిస్టల్ చుట్టూ తిరుగుతున్నాయి. స్క్రూలు తిప్పే అలెన్ కీ నా చేతిలో ఉంది గానీ ఎవరి మాట వినాలో తెలియక నేను బిగుసుకుపోయాను.

"ఇటివ్వండి అంకుల్" అంది అమ్మాయి.

మేము మాట్లాడుతున్నంతసేపూ అది మా పక్కనే ఉంది. దాని సంగతి మేము మరిచిపోయాం.

"నువ్వొద్దు బిడ్డా, చెడగొడ్తవు" అన్నాడు కోచ్ సార్.

"చెడగొట్టడానికి ఇంకేం మిగిలింది సార్?" అంది. గొంతు పెంచలేదు. అలెన్ కీ నా వేళ్లలోంచి తీసుకుని, బల్ల దగ్గరికి వెళ్లి, "మేడమ్, మీ రాయితో ఇక్కడే చూసుకోవచ్చా?" అని అడిగింది. మేడమ్ తలూపి రాయిని దాని వైపు జరిపింది.

స్ప్రింగ్ స్క్రూ తిప్పింది. రాయి లేపింది, టక్‌మంది. ఇంకా తిప్పింది. రాయి లేచి గాల్లో నిలబడింది. మేము నలుగురం ఒకేసారి ఊపిరి వదిలాం. అమ్మాయి ఆగలేదు, ఇంకా తిప్పింది.

"చాలు, చాలు. బరువైతది. కొట్టలేవు" అన్నాడు కోచ్ సార్.

"బరువైతే అవనివ్వండి సార్. మళ్లీ దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు." తండ్రి వైపు తిరిగి, "నువ్వు కూడా నాన్నా" అంది.

ఇన్నాళ్లు మా బల్లల చుట్టూ నిలబడి మేము తిప్పినవన్నీ చూసిన పిల్లే కదా, స్క్రూ ఏదో దానికి తెలుసు. మేడమ్ పాస్ చేసి స్టిక్కర్ వేసింది. అమ్మాయి పిస్టల్ తీసుకుని మా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

మమ్మల్ని తాడు ఇవతలే ఆపేశారు. మొదట్లో అమ్మాయికి కుదరలేదు. చెయ్యికి ఆ బరువు కొత్త, గుళ్లు అటూ ఇటూ చెదిరాయి. "చెప్పిన గద, బరువైతదని" అని కోచ్ సార్ పళ్లు కొరికాడు. తండ్రి ఏదో లెక్కవేస్తూ గొణుగుతున్నాడు. అమ్మాయి పిస్టల్ కింద పెట్టింది, కుర్చీలో కూర్చుంది, మోచెయ్యి మడిచి చాచింది, నీళ్లు తాగింది. మా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. లేచాక వేరే పిల్ల అయిపోయింది. మధ్యలో పదుల మీద పదులు పడ్డాయి. పక్క లైన్ల వాళ్లను చూడటానికి వచ్చినవాళ్లు కూడా మా అమ్మాయి స్కోరు కనిపించే తెర వైపు చూశారు. తర్వాత మళ్లీ కొన్ని తప్పాయి, మళ్లీ కుదిరింది. పూర్తయ్యేసరికి కావాల్సిన స్కోరుకు బాగా దగ్గరకొచ్చి ఆగిపోయింది. దగ్గర అంటే రాలేదనే అర్థం. ఆ రేంజిలో దగ్గరకొచ్చినవాళ్లకు వేరే బెంచీ ఏమీ వెయ్యరు.

బయటికొచ్చాక కారణాలకు కరువు లేదు. ట్రిగ్గర్ బరువైందన్నాడు కోచ్ సార్. చివరి నిమిషంలో మార్చకూడదన్నాడు తండ్రి. మేడమ్ రాయి మీద తన అనుమానం ఇంకా పోలేదన్నాడు అన్న, దాని సంగతి తేల్చుకుని వస్తానని అక్కడే ఉండిపోయాడు. ఫ్లెక్సీ మాట ఎత్తలేదు.

వచ్చేటప్పుడు అమ్మాయి ముందు సీట్లో కూర్చుంది. వెనక కోచ్ సార్, నేను. పిస్టల్ పెట్టె అమ్మాయి ఒళ్లో ఉంది, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. దాన్ని అదే చివరిసారి మోయడమేమో అనుకున్నాను. తండ్రికి కూడా అదే గుర్తొచ్చినట్టుంది, ఓదార్చడానికి మాట వెతుక్కున్నాడు.

"పోనీలేమ్మా. ట్రిగ్గర్ బరువైపోయింది. నువ్వేం చేస్తావు" అన్నాడు.

"ట్రిగ్గర్ బాగుంది నాన్నా" అంది అమ్మాయి.

ఆయన పక్కకు తిరిగి చూసి మళ్లీ రోడ్డు వైపు చూశాడు.

"మొదటి గుళ్లు తొందరపడి లాగాను. చివర్లో మోచెయ్యి దిగిపోతోందని తెలిసి కూడా చెయ్యి దించలేదు, కాల్చేశాను. ట్రిగ్గర్ మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట తెగింది. తప్పులన్నీ నావే." ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవడం లేదు. దాని గొంతులో సంతోషం లాంటిదేదో ఉంది, నేను ముందుకు వంగి మరీ విన్నాను. "ఇన్ని రోజులూ నాది తప్పో, స్క్రూది తప్పో తెలిసేది కాదు. ఇవాళే తెలిసింది. తెలిసిన రోజే ఆపెయ్యమంటే ఎలా నాన్నా?"

కోచ్ సార్ ఏదో చెప్పబోయాడు. నేను ఆయన మోకాలు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా వైపు చూసి నోరు మూసుకున్నాడు, ఆయన్ని ఎరిగినప్పటి నుంచి అదే మొదటిసారి. చేవెళ్ల రోడ్డు మీద టమాటా ట్రాలీల వెనక చాలా దూరం నెమ్మదిగా వచ్చాం. తండ్రికి దాటడానికి దారి దొరికినా దాటలేదు.

హిమాయత్‌నగర్ మలుపు దగ్గర షేర్ ఆటోలు అడ్డంగా ఆగి ఉన్నాయి. కారు ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ ఆయన అడిగాడు.

"రేపు రేంజి దగ్గర ఎన్నింటికి దింపాలి?"